పది గిగాబిట్ల ఉభయం

వరదమ్మ ఫోటో సర్వర్‌లో లేదు.

వైష్ణవి మళ్ళీ మొదటినుంచి వెతికింది. ఆడికృత్తిక పండగనాడు తిరుత్తణి కొండ కింద జనంలో తప్పిపోయి సేవాసంఘం పందిళ్ళకు చేరినవాళ్ళ ముఖాలన్నీ కంప్యూటర్ తెరమీద ఒకటొకటిగా కదిలాయి. గుండు మీద గంధం, పసుపు చీర, పసుపు పంచె. ఎవరిని చూసినా ఒకటే పోలిక. పొద్దుటి ముఖాలున్నాయి. సాయంత్రం ముఖాలున్నాయి. నడినెత్తిన ఎండ ఉన్న కాసేపట్లో తీసిన ముఖం మాత్రం ఒక్కటీ లేదు.

వరదమ్మ ఆ వేళకే వచ్చింది. మతిమరుపు మనిషి. కొడుకు పేరు చెప్పలేదు, ఊరు చెప్పలేదు. వైష్ణవి ఆమెను కుర్చీలో కూర్చోబెట్టింది. చెమటతో కరిగిన గంధం కంట్లోకి దిగుతుంటే తన చున్నీ కొసతో తుడిచింది. గడ్డం కింద వేలు పెట్టి ముఖం కాస్త పైకెత్తి, సెల్‌ఫోన్‌లో ఫోటో తీసింది. బొటనవేలితో నొక్కింది. పచ్చ టిక్కు వచ్చింది. ఆ తరవాత ఆ ముఖం బస్టాండులో, స్టేషన్లో, కొండ మెట్ల దగ్గర పెట్టిన తెరలన్నింటి మీదా కనబడాలి. ఇంటివాళ్ళు చూసి పరుగెత్తుకొని రావాలి. మైకులో 'గుండు, గంధం, పసుపు చీర' అని ఎంత అరిచినా ఆ కొండ కింద ప్రయోజనం లేదనే సంఘం ఈ ఏర్పాటు చేసింది.

వరదమ్మ కోసం ఎవరూ రాలేదు. ఎప్పుడో ఆమే కుర్చీలోంచి లేచి వెళ్ళిపోయింది. మర్నాడు రైల్వే గేటుకు అవతల, మామిడితోపు గట్టున వడదెబ్బ తగిలి పడి ఉండగా చూశారు. తిరువళ్ళూరు ఆస్పత్రిలో ఈ పొద్దున ప్రాణం పోయింది.

"ఏమ్మా, దొరికిందా?" వెనకనుంచి నటరాజన్ అడిగాడు. ఆయన సంఘం కార్యదర్శి. పోస్టాఫీసులో పెద్ద ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. మాట మెత్తన. వైష్ణవికి ఈ పని ఇప్పించింది ఆయనే.

"లేదు సార్. నేను తీసినాను సార్. టిక్కు కూడా వచ్చింది."

"టిక్కు వచ్చుంటే ఫోటో ఉండాల గదా."

"ఆ వేళకు తీసిన ఫోటోలు ఎవరివీ లేవు సార్. నావే కాదు."

"భోజనాల వేళ అమ్మా అది. అందరూ అన్నాల పందిట్లో ఉన్నారు."

ఆ మాటతో గదిలో ఉన్న మరో మనిషి కుర్చీ ముందుకు జరుపుకొన్నాడు. జనార్ధనం. తిరువళ్ళూరులో పెద్ద పాత్రల అంగడి ఆయనదే. ఆ అంగడి మీది మేడగదే సంఘం ఆఫీసు. గదిలో ఫ్యాను రెక్కల మీద, నీళ్ళ బిందె మీద, కుర్చీల వీపుల మీద ఉభయమిచ్చిన దాతల పేర్లు రాసి ఉన్నాయి. గోడమీది ట్యూబ్‌లైటుకు వెలుతురు సగమే వస్తుంది. మిగతా సగం దాత ఇంటిపేరు.

"ఆ సర్వర్‌కుండేది పది గిగాబిట్ల పోర్టు పాపా, నేనిచ్చిన ఉభయం," అన్నాడు జనార్ధనం. "మదరాసులో పెద్ద పెద్ద కంపెనీలకు కూడా లేదంట. ప్రతి తెర అడుగునా నా పేరుంది. దాంట్లో ఫోటో పోయిందంటే నవ్వుతారు. అన్నానికి పోయినావు, మరిచిపోయినావు. సరి, ఒప్పుకో."

"నేను అన్నమే తినలేదు అంకుల్ ఆ పొద్దు."

"అయితే ఆకలికి మరిచిపోయినావు."

ఆయన వేళాకోళానికి అనలేదు. వైష్ణవి కంప్యూటర్ వైపు తిరిగింది. ఫోనులో వెతికి లాభం లేదని తెలుసు. ఎవరి ముఖమూ ఎవరి ఫోనులోనూ నిలవకూడదని, టిక్కు రాగానే ఫోటో తనంతట తానే చెరిగిపోయేటట్టు చేయించారు. తీసిందనడానికి ఆమె మాట తప్ప ఇంకేమీ లేదు.

నటరాజన్ ఆమెను వరండాలోకి పిలిచి కాఫీ తెప్పించాడు. గ్లాసు ఆమె చేతికిచ్చి, తను మాత్రం తాగకుండా పిట్టగోడ మీద పెట్టుకొన్నాడు.

"వాళ్ళది అత్తిమంజేరిపేట. మనవాళ్ళే, సేద్యగాళ్ళు. కొడుకు మురళి పోలీసు కంప్లైంటు ఇస్తానంటా ఉన్నాడు. కంప్లైంటు పడితే నీ పేరుతో పడుతుంది. ఆ పందిట్లో ఫోను పట్టుకొనింది నువ్వే గదా." ఆయన గొంతు తగ్గించాడు. "ఎల్లుండి వాళ్ళింటికి పోదాం. అంత జనం కూట్టంలో మరిచిపోయినానని ఒక్క మాట చెప్పు. కాళ్ళమీద పడాల్సిన పని లేదు. మిగతాది నేను మాట్లాడుకొంటాను. ఆయమ్మ కొడుకు మంచోడే."

"తీసినాను సార్."

"తీసినావనే అనుకొంటా ఉన్నావు. ఆ పొద్దు ఎంత మందిని తీసినావో నీకే తెలియదు. ఒక ముఖం ఇంకో ముఖంలో కలిసిపోతుంది. తప్పు లేదమ్మా. ఎవరికైనా జరుగుతుంది."

వైష్ణవి కాఫీ గ్లాసును రెండు చేతులతో పట్టుకొని నిలబడింది. ఆయన చెప్పినట్టే జరిగి ఉండవచ్చునని మొదటిసారి అనిపించింది.

తిరుత్తణికి తిరిగి వచ్చే లోకల్ రైల్లో ఆమె తన బొటనవేలి వంక చూస్తూ కూర్చుంది. గంధం తుడిచింది. అది నిజం. చున్నీ మీద మరక ఇంకా వదల్లేదు. గడ్డం ఎత్తింది. అదీ నిజం. ముసలమ్మ గడ్డం మీద గరుకుగా రెండు వెంట్రుకలు వేలికి తగిలాయి. ఆ తరవాత? నొక్కిందా? పచ్చ టిక్కు ఆమెకు వచ్చిందా, అంతకుముందు తీసిన పిల్లవాడికి వచ్చిందా? ఎదుటి సీట్లో ఒకావిడ కొడుకు కొత్త గుండును చెంగుతో కప్పి కూర్చుంది. వాడు చెంగు లాగేసి నవ్వుతున్నాడు. వైష్ణవి కిటికీ వైపు ముఖం తిప్పుకొంది.

నొక్కలేదేమో. నొక్కకపోతే ఆ ముసలమ్మ చావు తన చేతిలో జరిగినట్టే. ఆ ఒక్కటి తెలియకుండా ఎల్లుండి మురళి ఎదట నిలబడి ఏ మాట చెప్పినా అబద్ధమే అవుతుంది.

స్టేషన్లో దిగి ఇంటికి పోలేదు. బస్టాండు వీధిలో గుహన్ కొట్టుకు పోయింది.

గుహన్ ఫోటోల సర్వర్ తయారు చేసిన కుర్రవాడు. చదివింది ఇంజనీరింగే. బతుకు మాత్రం అంగళ్ళకు కెమెరాలు బిగించడం మీద, లాప్‌టాపులు రిపేరు చేయడం మీద నడుస్తోంది. ఆమె వెళ్ళేసరికి ఒక లాప్‌టాప్ వీపు విప్పి, బ్రష్షుతో దుమ్ము దులుపుతున్నాడు. ఆమెను చూసి కూర్చోమనలేదు.

"నన్ను ఏమీ అడగొద్దు అక్కా. జరిగిపోయింది."

"ఒక్కటే అడుగుతాను. టిక్కు వచ్చిన ఫోటో లేకుండా పోతుందా?"

బ్రష్షు ఆగింది. "పోతుంది."

"పది గిగాబిట్ల పోర్టు ఉన్నా?"

గుహన్ నవ్వాడు. అందులో సంతోషం లేదు. "ఆ పోర్టు పేరెత్తకండి అక్కా. కొండమీద మొట్టై, అదే గుండు కొట్టే కొట్టం తెలుసు గదా. కొండ కిందినుంచి అక్కడిదాకా పెద్ద రోడ్డు వేసినారు అనుకోండి. బస్సులు రయ్‌న వస్తాయి, కూట్టాన్ని దించుతాయి. లోపల కత్తి పట్టుకొని కూర్చొనింది ఒక్క మనిషి, ఆ మనిషికీ చూపు సరిగా లేదు. రోడ్డు పెద్దదైతే గుండ్లు సీక్రం అవుతాయా?"

"అయితే పోర్టు పెద్దది కావడం తప్పా?"

"తప్పనను. ఫోటో తీసుకొని అట్లే ఎత్తిపెట్టే పనైతే చిన్న మిషనుకు కూడా పెద్ద పోర్టు పనికొస్తుంది. మనది ఆ పని కాదు గదా. వచ్చిన ముఖాన్ని ఇంటివాళ్ళు ఇచ్చిన పాత ఫోటోలతో పోల్చల్ల, వెంట్రుకలుండే ఫోటోతో గుండును పోల్చల్ల. అదంతా అయినాక అప్పురం దా తెరకు పంపల్ల. దానికి బుర్ర కావల్ల. నేను అడిగింది బుర్ర. నాకిచ్చింది రోడ్డు."

"ఎందుకట్ల ఇచ్చినారు?"

"మెమరీ అంటే, ప్రాసెసర్ అంటే ఉభయం ఎవరిస్తారక్కా? పది గిగాబిట్లు అంటే మైకులో చెప్పొచ్చు." అతను లాప్‌టాప్ మూత పక్కకు పెట్టాడు. "చూపిస్తాను రండి. ఫోను తీయండి."

ముంబైలో ఎక్కడో ఉన్న ఆ అద్దె సర్వర్ ఇంకా నడుస్తూనే ఉంది. వైష్ణవి ముందు గుహన్ ముఖం తీసింది. తరవాత టీ తెచ్చిన మనిషిని కాసేపు నిలబెట్టి తీసింది. "పెళ్ళి సంబంధానికా?" అన్నాడు టీ మనిషి, మీసం సర్దుకొంటూ. కాసేపటికి రెండు ముఖాలూ గుహన్ కంప్యూటర్ తెరమీదికి వచ్చాయి. నిదానంగా వచ్చినా వచ్చాయి.

"ఇప్పుడు ఆ పొద్దు చేసింది చేస్తాను," అన్నాడు గుహన్. అతను ఏదో నొక్కాడు. తెరమీద పోర్టు వేగం చూపే బండి మీటరు లాంటి గుండ్రటి బొమ్మ వచ్చి, ముల్లు ఎగరడం మొదలుపెట్టింది.

వైష్ణవికి గుర్తొచ్చింది. ఆ మధ్యాహ్నం పక్క పందిట్లో సన్మానం. మైకులో జనార్ధనం పేరు. చప్పట్లు. మళ్ళీ చప్పట్లు. వచ్చిన ప్రతి పెద్దమనిషికీ ఒకసారి ఆ ముల్లు చూపించారు.

"దీనికీ మన పందిలికీ సంబంధమే లేదక్కా. మనకుండేది మామూలు లైనే. ఇది ముంబైలో ఈ మిషనుకూ పక్క మిషనుకూ మధ్య పరుగు పందెం. ఆ పరుగుకే దీని ఊపిరంతా పోతుంది. ఆ పొద్దు ముల్లు పదిదాకా పోనే లేదు. మూడు దాటి నిలిచిపోయింది. జనార్ధనం అన్న ఏమప్పా అని అడిగితే, ఎండ గదా, వెయిలు ఎక్కువ అన్నా అన్నాను. సరే అన్నాడు." అతను తల ఊపాడు. "తీయండి, ఇప్పుడు తీయండి."

ఆమె మళ్ళీ అతని ముఖం తీసింది. నొక్కింది. పచ్చ టిక్కు వెంటనే వచ్చింది. తెరమీద ముఖం మాత్రం రాలేదు. టీ మనిషిని ఇంకోసారి తీసింది. టిక్కు వచ్చింది. ముఖం రాలేదు. టీ చల్లబడి మీగడ కట్టింది. ముల్లు ఎగురుతూనే ఉంది.

"టిక్కంటే గేటు దాటిందని. లోపల ఎవరో చూసినారని కాదు," అన్నాడు గుహన్. "ఆ పొద్దు కూడా ఇట్లే దా. తెరలన్నీ బిగుసుకొని పోయినాయి. సన్మానం జరుగుతా ఉండంగా తెర నల్లగా ఉంటే బాగుండదని, ఆపి మళ్ళీ స్టార్ట్ చేయమన్నారు. చేసినాను."

ఇప్పుడూ చేశాడు. సర్వర్ ఆగి, మళ్ళీ లేచింది. తెరమీద ముందు తీసిన రెండు ముఖాలే ఉన్నాయి. తరవాత తీసినవి లేవు. ఎంతసేపు చూసినా రాలేదు.

"పని కాని ఫోటోలను అది జ్ఞాపకంలోనే పెట్టుకొని ఉంటుంది. ఆపితే మరిచిపోతుంది. అవి పోతాయని ముందే చెప్పినాను. దానికే గదా, స్టార్ట్ చేసిన వెంటనే అన్నీ మళ్ళీ తీయమని మీకు చెప్పమన్నది."

వైష్ణవి తల ఎత్తింది. "ఎవరికి చెప్పమన్నావు?"

"మీ పందిలి వాళ్ళకు దా."

"ఎవరితో చెప్పమన్నావు గుహన్?"

అతను ఆమె ముఖం చూశాడు. బ్రష్షును మెల్లగా బల్లమీద పెట్టాడు.

"నటరాజన్ సారుతో. నేను సన్మానం తెర విడిచి రాలేను, మీరు చెప్పండి సార్ అన్నాను. పక్కనే గదప్పా, చెప్తాను అన్నారు. మరునాడు అడిగితే, చెప్పినానే అన్నారు. మీకు ఎవరూ చెప్పలేదా అక్కా?"

"లేదు."

"నేను ఇన్ని పొద్దులూ మిమ్మల్నే..." అని ఆగిపోయాడు.

అనుకొన్న రోజున బస్సులో అత్తిమంజేరిపేటకు పోతున్నంతసేపూ నటరాజన్ ఆమెకు మాటలు నేర్పుతూనే ఉన్నాడు. కూట్టం ఎక్కువ అను. ఒక్కదాన్నే ఉన్నాను అను. మా అమ్మ లాంటిదే అను. వైష్ణవి సరే అనలేదు, కాదనలేదు. ఆయన సంచిలో ఆపిల్ పళ్ళున్నాయి. బస్సు కుదుపులకు ఒకటి కిందపడి దొర్లితే, ఆయన వంగి, వెతికి, తీసి, పంచె అంచుతో శ్రద్ధగా తుడిచి మళ్ళీ సంచిలో పెట్టుకొన్నాడు. ఆ శ్రద్ధ చూసి వైష్ణవి, గుహన్ చెప్పిందాంట్లో ఎక్కడో పొరపాటుంటే బాగుండునని కోరుకొంది.

ఇంటి ముందు వేరుసెనగ బస్తాలు ఎత్తి ఒక పక్కకు వేసి, చాప పరిచారు. మురళి వచ్చి కూర్చున్నాడు. నడివయసు మనిషి, ఎండకు కమిలిన భుజాలు. కావడి మొక్కుకు తీసిన తలమీద ఇంకా వెంట్రుక మొలవలేదు. తల్లి కర్మకు మళ్ళీ కత్తి పెట్టడానికి పెద్దగా ఏమీ మిగల్లేదు. అతని భార్య వసుమతి చెంబుతో నీళ్ళు తెచ్చి, ముందు వైష్ణవి ఎదట పెట్టి, గుమ్మం దగ్గర నిలబడింది.

"ఈమేనా?" అన్నాడు మురళి.

"అవునయ్యా. చిన్నపిల్ల," అన్నాడు నటరాజన్. "చెప్పడానికే వచ్చింది."

మురళి ఆయన మాట వినిపించుకోలేదు. "మా అమ్మను నువ్వు చూసినావామ్మా? నీ దగ్గరే ఉండిందా?"

"ఉండింది అన్నా. కుర్చీలో కూర్చోబెట్టినాను. మజ్జిగ ఇచ్చినాను. తాగింది."

"ఏమైనా చెప్పిందా?"

"పిల్లోడు కావడి దించినాడా, భుజం నొస్తుందేమో అని అడిగింది. పేరు అడిగితే పిల్లోడు అనే అనింది."

వసుమతి చెంగు నోటికి అడ్డం పెట్టుకొంది. మురళి చాప అంచులో లేచిన గడ్డిపోచను పీకుతూ కూర్చున్నాడు.

"బస్టాండులో మీ తెర కిందే నిలబడినాను," అన్నాడు చివరికి. "యాడికీ పోవద్దు, ఈడనే ముఖం వస్తుంది అన్నారు. తల తిప్పకుండా చూస్తా నిలబడినాను. అడుగున ఎవరిదో పేరు, పది ఏమో అని ఉండింది. అదే చదువుకొంటా ఉన్నాను. నిలబడకుండా వెతికుంటే దొరికేదేమో." అతను వైష్ణవి వైపు చూశాడు. "ఎందుకు తీయలేదమ్మా ఫోటో?"

నటరాజన్ గొంతు సవరించుకొన్నాడు. "చెప్పమ్మా."

"తీసినాను అన్నా," అంది వైష్ణవి. "నేను మరిచిపోలేదు. తీసింది లోపల పోయింది. పోయినట్టు నాకు తెలియదు. తెలిసుంటే, ఆయమ్మ కుర్చీలోనే ఉండింది, ఇంకోసారి తీసుండేదాన్ని." ఆమె నటరాజన్ వైపు తిరిగింది. గొంతు పెంచలేదు. "సార్, మళ్ళీ తీయమని నాకు మీరు చెప్పినారా?"

నటరాజన్ చెయ్యి పళ్ళ సంచి మీద ఉంది. సంచి మూతి ముడి వేస్తున్న వేళ్ళు ఆగాయి. ఆయన ముందు వైష్ణవిని చూశాడు, తరవాత వసుమతిని చూశాడు. మురళి తల వైపు మాత్రం చూడలేకపోయాడు.

"గుహన్ చెప్పినాడా?"

"సార్, మీరు చెప్పండి."

దూరంగా చెరకు తోటలో మోటారు ఆగింది. నటరాజన్ సంచిని పక్కకు జరిపి, చాప మీద నుంచి దిగి, ఉత్త నేలమీద కూర్చున్నాడు.

"చెప్పలేదు," అన్నాడు. "మురళీ, ఈ పిల్లకు నేను చెప్పలేదప్పా. గుహన్ మంచి మిషను కావాలన్నాడు. దానికి ఉభయం ఎవరూ ఇవ్వరు, పోర్టు పెద్దది పెట్టు, పేరు చెప్పుకోవచ్చు అన్నది నేను. వేగం చూపించమన్నది నేను. నిలిచిపోతే ఆపి మళ్ళీ పెట్టమన్నదీ నేనే. ఫోటోలు పోతాయని గుహన్ అన్నాడు. మళ్ళీ తీయమని చెప్పు సార్ అన్నాడు. నాకు మెళ్ళో మాల ఉండింది. జనార్ధనం కారు వచ్చి నిలబడింది, దర్శనానికి రమ్మని పిలుస్తా ఉన్నాడు. కారెక్కేటప్పుడు మీ అమ్మను చూసినాను. కుర్చీలో కూర్చొని నా వైపే చూస్తా ఉండింది. వచ్చి చెప్దాంలే అనుకొన్నాను. సామి దగ్గర నాకు శఠారి పెట్టినారు, ప్రసాదం చేతికిచ్చినారు, చెప్పాల్సింది ఒకటుందనే నాకు జ్ఞాపకం లేదు. దిగి వచ్చేసరికి కుర్చీలో వేరే ఎవరో ఉన్నారు. అప్పుడు వచ్చింది జ్ఞాపకం. అప్పుడైనా మైకులో చెప్పుంటే సరిపోయేది. అడుగుతారని, ఎందుకు ముందు చెప్పలేదని అడుగుతారని, నోరు మూసుకొన్నాను. మరునాడు సంఘంలో ఎవరూ ఏమీ అనకముందే, ఆ పిల్ల మరిచిపోయిందని మొదట అన్నది నేనే."